మన ఊరి సంగతులు పాఠంలోకి రావాలి

 

ఈసారి గోడ పత్రికకు "మన చదువు" అనే విషయం మీద రాయమన్నారు. అందరూ చదువు గొప్పతనం రాస్తారు. విద్య లేనివాడు వింత పశువు అని మొదలుపెడతారు. నేను కూడా అలాగే మొదలుపెట్టి, అరఠావు రాసి, చింపేశాను. మా ఇంట్లో బడికి వచ్చినది నేనే మొదటిదాన్ని. మా అమ్మకు, నాన్నకు, అవ్వకు అక్షరం ముక్క రాదు. వాళ్లు వింత పశువులు కారు. అందుచేత ఆ మాట నేను రాయను. నాకు నిజంగా అనిపించినదే రాస్తాను. తప్పులుంటే మన్నించగలరు. నాలుగు కాగితాలు అయింది, ఓపిగ్గా చదవగలరు.

నేను చెప్పదలచినది ఒక్కటే. మన చుట్టూ జరుగుతున్న సంగతులు, పేపర్లో వచ్చేవి, మన ఊళ్లలో జరిగేవి, క్లాసులో పాఠంతో కలిపి చెప్పాలి. ఇప్పుడు రోజూ ప్రేయర్లో వార్తలు చదువుతున్నాం కదా అని మీరు అనవచ్చు. చదువుతున్నాం. ఎవరో దేన్నో ప్రారంభించారు, ఎక్కడో వాన పడింది, ఇండియా మ్యాచ్ గెలిచింది, తర్వాత జాతీయ గీతం, తర్వాత లైను కట్టి క్లాసుకు. చదివినవారికీ గుర్తుండదు, విన్నవారికీ గుర్తుండదు. నేను కూడా ఆరుసార్లు వార్తలు చదివాను. ఏం చదివానో ఇప్పుడు అడిగితే ఒక్కటీ చెప్పలేను. 

2026 జనవరి 5వ తేదీ మాత్రం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ మధ్యాహ్నం మన మలికిపురం మండలంలోనే, ఇరుసుమండలో గ్యాస్ బావి నుంచి గ్యాస్ ఎగదన్ని మంటలు లేచాయి. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. కొబ్బరి చెట్లు కాలిపోయాయి. ఆ రాత్రి డాబా మీదకెళ్లి చూస్తే ఆ దిక్కున ఆకాశం ఎర్రగా కనిపించింది. చిన్న క్లాసు పిల్లలు ఏడ్చారు. ఐదో తరగతి చెల్లి ఒకతి ట్రంకు పెట్టె సర్దుకుని, తాళం వేసుకుని, దాని మీదే కూర్చుంది. "అక్కా, ఆ మంట పైపుల్లోంచి మన వంటింటికి వచ్చేస్తదా?" అని నన్ను అడిగింది.

నేను తెలియదని చెప్పాను. 

అలా చెప్పానని రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ఎందుకంటే ఎనిమిదిలో మాకు దహనం పాఠం అయిపోయింది. ఏ వస్తువైనా మండాలంటే మూడు కావాలి: ఇంధనం, గాలి, జ్వలన ఉష్ణోగ్రత. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా మంట ఆరిపోతుంది. పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది. నాకు పూర్తి మార్కులు వచ్చాయి. కానీ ఆ రాత్రి నిజమైన మంట కనిపిస్తుంటే ఆ పాఠం నాకు గుర్తే రాలేదు. పాఠం పుస్తకంలో ఉన్నది, మంట ఇరుసుమండలో ఉన్నది. ఆ రెండూ ఒకటేనని నాకెవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

మర్నాడు ఒక పీరియడ్లో మా క్లాసమ్మాయి లేచి "అది ఎందుకు ఆరడం లేదు సార్?" అని అడిగింది. "అది పరీక్షకు రాదు. కూర్చో. సిలబస్ అవ్వాలి" అన్నారు. వారి మీద నాకు కోపం లేదు. సంక్రాంతి సెలవుల లోపల పాఠాలు ముగించాలని వారికి పైనుంచి చెబుతారు. వారు కూడా ఏం చేస్తారు.

కానీ సైన్సు సారు వచ్చినప్పుడు అదే అమ్మాయి మళ్లీ అదే అడిగింది. సారు పుస్తకం మూసేశారు. బోర్డు మీద భూమి గీసి, అందులో బావి గీసి, మమ్మల్నే అడగడం మొదలుపెట్టారు.

"మండడానికి మూడు కావాలన్నారు కదా. ఇక్కడ ఇంధనం ఏది?"

"గ్యాస్ సార్."

"అయిపోతుందా?"

"అవదు సార్, కింద నుంచి వస్తూనే ఉంటాది."

"మరి ఆర్పాలంటే దేన్ని తీసేస్తారు?"

ఒకరు ఇసుక పొయ్యాలన్నారు. ఒకరు నీళ్లు కొట్టాలన్నారు. వెనక బెంచీలో అమ్మాయి, ఎప్పుడూ మాట్లాడదు, ఆమె లేచి "బావికి మూత పెట్టాలి సార్" అంది. అందరం నవ్వాం. సారు నవ్వలేదు. "అదే కరెక్టు" అన్నారు. నీళ్లు చిమ్మేది చుట్టూ ఉన్న ఇనుము, అక్కడ పనిచేసే మనుషులు ఆ వేడికి తట్టుకునేందుకట. చివరికి బావి మూతి మూసి ఇంధనం ఆపితే గానీ ఆ మంట ఆరదని చెప్పారు. నిజంగానే ఐదారు రోజులకు అలాగే మూసి ఆర్పారు. ఆ వార్త వచ్చినప్పుడు మా క్లాసంతా, మా వెనక బెంచీ అమ్మాయి ముందే చెప్పిందని చప్పట్లు కొట్టింది. ఆమె ఇప్పుడు క్లాసులో మాట్లాడుతోంది.

సారు ఇంకో పని కూడా చేశారు. మన వంటశాల పెద్దమ్మను క్లాసుకు పిలిచారు. పెద్దమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "ఆయ్, నేనేం చెప్తానండి పిల్లలకి" అంది. సారు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆమె నగరం గ్రామం సంగతి చెప్పింది. నగరం మనకు దగ్గరే, మామిడికుదురు మండలం. 2014 జూన్ 27న తెల్లవారుజామున అక్కడ గ్యాస్ పైపులైను పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. "ముందు గ్యాసు ఊరంతా కమ్మేసిందమ్మా. నిప్పు తగిలేసరికి భగ్గుమంది. పొద్దున్నే లేచినోళ్లు లేచినట్టే పోయారు" అని చెప్పింది. ఆమె చెబుతుంటే క్లాసులో చప్పుడు లేదు. తర్వాత సారు 1995 జనవరి 8న పాసర్లపూడి దగ్గర బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండిన సంగతి చెప్పారు. మన కోనసీమ భూమి కింద గ్యాస్ ఎందుకు ఉందో, అందులో ఎక్కువ భాగం మీథేన్ అని, దానికి సొంత వాసన ఉండదని, వంట గ్యాస్‌కు మనం గుర్తుపట్టడానికే వాసన కలుపుతారని చెప్పారు. వాసన వస్తే స్విచ్ వెయ్యకూడదు, వేసి ఉన్నది ఆర్పకూడదు కూడా, ముందు తలుపులు, కిటికీలు తియ్యాలి.

ఆ సాయంత్రం నేను ఐదో తరగతి చెల్లి దగ్గరికి వెళ్లి చెప్పాను. మన వంటింట్లో ఉన్నది సిలిండరు, ఆ బావికీ మన సిలిండరుకూ పైపు లేదు, భయపడకు అని. ఆ చెల్లి ట్రంకు పెట్టె మళ్లీ మంచం కిందకు తోసింది. ఇది పరీక్షకు రాదు నిజమే. కానీ ఆ రాత్రి అవసరమైనది ఇదే.

మన చదువు మార్చాలని ఈ చిన్న పిల్ల ఎవరు అని పెద్దవారికి అనిపించవచ్చు. ఈ మాట నేను కొత్తగా చెప్పడం లేదు. 2005లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రంలో మొదటి సూత్రమే, బడిలో చదువును బయటి జీవితంతో కలపాలని. సోషల్ టీచరు గారు చెప్పారు. ఆమే నాకు నెల్లూరు జిల్లా సంగతి కూడా చెప్పారు. అది మీ అందరికీ చెప్పాలని ఉంది, ఎందుకంటే అది మన అమ్మల్లాంటివాళ్ల సంగతి.

1991లో నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్లకు చదువు చెప్పే ఉద్యమం మొదలైంది. పగలంతా కూలికి వెళ్లి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దేవారు. వాళ్లకిచ్చిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. మొగుడి తాగుడు వల్ల ఒక ఆడమనిషి బతుకు ఏమైందో ఆ పాఠంలో ఉంది. అది చదివిన ఆడవాళ్లు అది సీతమ్మ కథ అనుకోలేదు, తమ ఇంటి కథ అనుకున్నారు. మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కూలి డబ్బులు ఎటు పోతున్నాయి? ఊళ్లోకి మంచినీళ్లు రావడం లేదు గాని సారా మాత్రం ఎలా వస్తోంది? కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లంతా కలిసి తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వర్ధినేని రోశమ్మ గారు అందులో ముందు నిలిచారు. ఆమెను తర్వాత దూబగుంట రోశమ్మ అనే పిలిచారు. 

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆ దూబగుంటలో జరిగినదే మళ్లీ ఇంకో పాఠం అయి వాచకంలోకి ఎక్కింది. ఆ పాఠం పేరు "ఆడవాళ్లు ఏకమైతే". మిగతా ఊళ్ల ఆడవాళ్లు అది చదివి, వాళ్లు చేసింది మనం చెయ్యలేమా అని లేచారు. 1992లో సారా వేలంపాటలే జరగనివ్వలేదు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యాన్నే నిషేధించారు. 1997లో మద్యం మీద నిషేధాన్ని సడలించేశారు, అది కూడా చెప్పాలి. పాఠం చెప్పగానే అన్నీ ఎల్లకాలం బాగుపడిపోవు. మా కాలనీలో సాయంత్రం ఎలా ఉంటుందో నాకు తెలుసు, మీలో చాలామందికి మీ ఊళ్లలోనూ తెలుసు.

అయినా నాకు ఇందులో ఒకటి బాగా నచ్చింది. ఆ పాఠం ఆడవాళ్లకు నీతులు చెప్పలేదు. ఒక ఇంట్లో జరిగినది చెప్పి, ఎందుకిలా అయిందో మీరే మాట్లాడుకోండి అని వదిలింది. మిగతాది వాళ్లే చేశారు. అక్షరాలు కూడా సరిగ్గా రానివాళ్లు చేశారు. మరి తొమ్మిదో తరగతి చదివే మనకు ప్రశ్న వేస్తే మనం ఆలోచించలేమా?

ఇంతవరకూ మంచి చెప్పాను. చెడు కూడా చెప్పాలి. చెప్పకపోతే నేను అబద్ధం రాసినట్టే.

మాది కొండరెడ్ల కుటుంబం. మా ఊరు పాపికొండల కింద గోదావరి గట్టున ఉండేది. పోలవరం నీళ్లు వస్తాయని 2021లో ఊరు వదిలి కాలనీకి వచ్చేశాం. కిందటి దసరా సెలవుల ముందు ఒక క్లాసులో పోలవరం పాఠం వచ్చింది. పేపరు చూపించి చక్కగా చెబుతున్నారు. నాకు సంతోషంగానే ఉంది. ఇంతలో నా పేరు పిలిచి, లే, నువ్వు నిర్వాసితురాలివి కదా, అందరికీ చెప్పు అన్నారు. అప్పటిదాకా ఆ మాట నా గురించి నేను ఎప్పుడూ అనుకోలేదు. నేను లేచాను. అందరూ నన్నే చూస్తున్నారు. మా ఇల్లు, మా చింతచెట్టు, మా అవ్వ పడవ ఎక్కనని గట్టు మీద కూర్చుండిపోయిన రోజు, అన్నీ ఒక్కసారి వచ్చేశాయి. నోట మాట రాలేదు. ఏడుపొచ్చింది. ఎవరో నవ్వారు కూడా. ఆ తర్వాత వారం రోజులు నన్ను ఆ పేరుతోనే పిలిచారు. పిలిచినవాళ్లు ఇది చదువుతున్నారు, నేను పేర్లు రాయను.

ఆ చెప్పినవారికి నా మీద ప్రేమే. చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ఒక మనిషిని లేపి నిలబెట్టి పాఠం చెయ్యకూడదు. నెల్లూరు వాచకంలో సీతమ్మ అని ఒక పేరు పెట్టి చెప్పారు, అక్కడ కూర్చున్న ఎవరినీ లేపి నీ మొగుడు తాగుతాడా అని అడగలేదు. వాళ్లంతట వాళ్లే చెప్పుకున్నారు. ఆ తేడా మనం గుర్తుపెట్టుకోవాలి. 

ఇంకో సంగతి. ఆ రోజు బోర్డు మీద ఒక వైపే రాశారు. ప్రాజెక్టు వల్ల కొత్తగా 7 లక్షల ఎకరాలకు పైగా నీళ్లు అందుతాయి, 960 మెగావాట్ల కరెంటు వస్తుంది, విశాఖపట్నానికి నీళ్లు వెళ్తాయి. ఇవన్నీ నిజమే. ఇక్కడ కోనసీమలో నీళ్ల విలువ నేను కళ్లారా చూస్తున్నాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే ఈ డెల్టా ఇంత పచ్చగా అయిందని, కాటన్ దొరను ఇక్కడివారు దేవుడిలా చూస్తారని తెలుసు. అయితే రెండో వైపు కూడా రాయాలి కదా. పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలు ఇల్లు కదలాలి. అందులో చాలామంది మనవాళ్లు, గిరిజనులు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన రాసి, ఇప్పుడు మీరేమంటారు అని అడిగితే అది పాఠం. ఒక వైపే రాస్తే అది గోడ మీద ప్రకటన అవుతుంది.

ఆ రోజు తర్వాత నేను, ఇంటి సంగతులు బడిలోకి రాకుండా ఉంటేనే మంచిదని అనుకున్నాను. ఈ వ్యాసం అప్పుడు రాసి ఉంటే దీనికి ఎదురు రాసేదాన్ని. ఇరుసుమండ పాఠం తర్వాత నా మనసు మారింది. బయట సంగతికి పాఠం పనికొస్తుందని మొదటిసారి చూశాను. ఆ ధైర్యంతోనే సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మను ఒక కాగితం అడిగాను.

మా అమ్మ దగ్గర ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో ఊరు కదిలినప్పుడు ఇచ్చిన కాగితాలున్నాయి. కింద అమ్మ వేలిముద్ర ఉంది. ఐదేళ్లుగా అమ్మ దాన్ని బియ్యం డబ్బా వెనక దాస్తోంది. అందులో ఏముందో అమ్మకు ఎవరూ చదివి చెప్పలేదు. నేను చదివాను. భూమి ఎకరాలు, సెంట్లలో ఉంది. మన లెక్కల పుస్తకంలో హెక్టార్లు నేర్పుతారు. సెంటు అంటే ఏమిటో నాకు తెలియదు. పక్కింటి మామను అడిగితే ఎకరానికి వంద సెంట్లని చెప్పాడు. అప్పుడు లెక్కేసి అమ్మకు చెప్పాను. రెండు ఎకరాల ముప్పై ఐదు సెంట్లు. అమ్మ విని, "కొండ మీద పోడు ఏది? మీ తాత కొట్టిన పోడు" అని అడిగింది. నేను కాగితం రెండు వైపులా వెతికాను. అది లేదు. 

"ఇంకోసారి చదువు" అంది అమ్మ. మళ్లీ చదివాను. మళ్లీ లేదు.

సెలవులైపోయాక సోషల్ టీచరు గారిని ఒక్కదాన్నే వెళ్లి అడిగాను. 2006 అటవీ హక్కుల చట్టం గురించి చెప్పారు. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి అడవి భూమిని సాగు చేసుకుంటున్న గిరిజనులకు దాని మీద హక్కు అడిగే అవకాశం ఆ చట్టంలో ఉంది, గ్రామసభలో పెట్టుకోవాలి. మా ఊరే నీళ్ల కింద ఉంటే గ్రామసభ ఎక్కడ పెడతారని అడిగాను. టీచరు గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ముందు అర్జీ రాద్దాం అన్నారు. 

తెలుగులో లేఖా రచన మనం ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. జ్వరం వచ్చింది సెలవు ఇప్పించండి. మా వీధిలో దోమలున్నాయి మందు కొట్టించండి. మన హాస్టల్లో దోమలున్నా ఆ లేఖ ఎవరికీ పంపలేదు, మార్కుల కోసమే రాశాం. ఈసారి నేను నిజం లేఖ రాశాను. గౌరవనీయులైన, ఆర్యా, విషయం, ఇట్లు తమ విధేయురాలు, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే వచ్చాయి. మధ్యలో ఉన్నది మాత్రం మా అమ్మ మాట. అమ్మ పేరు మీద పంపాం. ఇంకా జవాబు రాలేదు. వస్తుందో రాదో తెలియదు. కానీ అమ్మ ఆదివారం ఫోన్లో "ఆ కాగితం వచ్చిందా" అని అడగడం మొదలుపెట్టింది. ఇంతకు ముందు అన్నం తిన్నావా అని మాత్రమే అడిగేది.

దీనికి అభ్యంతరాలు ఉంటాయని నాకు తెలుసు. నాకు తెలిసిన మూడింటికి జవాబు రాస్తాను.

మొదటిది, సిలబస్ అవ్వదు అంటారు. సైన్సు సారు తీసుకున్నది ఒక్క పీరియడ్. అందులో దహనం పాఠం మొత్తం రివిజన్ అయిపోయింది. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా మా క్లాసులో అందరూ చెబుతారు. బట్టీ పట్టినది పరీక్ష హాలు గుమ్మం దాటగానే పోతుంది, ఇది పోదు. పదో తరగతి ఫలితాలు కావాలన్నా ఇదే మంచి దారి అని నా అభిప్రాయం.

రెండోది, గొడవలు వస్తాయి అంటారు. ఈ భయం ఉత్తది కాదు. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు విషయంలో ఏం జరిగిందో ఇక్కడ అందరికీ తెలుసు. ఇళ్లు తగలబెట్టారు. కానీ నా ప్రశ్న ఏమిటంటే, ఆ గొడవ ఏ బడిలో పాఠం చెప్పినందువల్ల వచ్చింది? ఫోన్లలో ఒకరి నుంచి ఒకరికి పాకిన మాటలే ఎక్కువ. అంబేద్కర్ గారు రాజ్యాంగ రచనా కమిటీ అధ్యక్షులు అని మనం ఒక మార్కు ప్రశ్నగా చదువుతాం. ఆ పేరు పెడితే కొందరికి ఎందుకు కోపం వచ్చిందో, కోపం వచ్చినప్పుడు చట్టం ప్రకారం ఏం చెయ్యవచ్చో, ఏం చెయ్యకూడదో క్లాసులో నెమ్మదిగా మాట్లాడుకుని ఉంటే మంచిదే కదా. మాట్లాడకపోతే గొడవ పోదు, వరండాలోకి పోతుంది. మన హాస్టల్లోనే చూడండి. కోయ, కొండరెడ్డి, కొండదొర, యానాది, ఎరుకల, ఎన్ని రకాల పిల్లలం ఉన్నాం. లైట్లు ఆర్పాక ఒకరినొకరు ఏమని వెక్కిరించుకుంటారో వార్డెన్ మేడమ్ గారికి తెలియదు గాని మనకు తెలుసు.

మూడోది, ఇవన్నీ రాజకీయాలు, పిల్లలకెందుకు అంటారు. ఏ పార్టీ మంచిది అని చెప్పమని నేను అడగడం లేదు. అది చెప్పకూడదు కూడా. కానీ ఊరు కదిలినప్పుడు నన్ను పిల్లవు కదా అని ఎవరూ వదిలెయ్యలేదు. అందరితో పాటు నేనూ మూట మోశాను. మోసినదాన్ని గురించి తెలుసుకోవడానికి మాత్రం ఇంకా వయసు రాలేదంటే ఎలా?

కాబట్టి నా విన్నపములు ఇవి.

1. ఆఫీసు రూముకు వచ్చే పేపరు అదే రోజు సాయంత్రం స్టడీ అవర్‌కు మా దగ్గరికి పంపవలెను. ఇప్పుడు అది మాకు ట్రంకు పెట్టెలో అడుగున పరుచుకునే కాగితంగానే చేరుతోంది. నేను చదివిన వార్తల్లో సగం అలా చదివినవే.

2. కొత్త పీరియడ్ అక్కరలేదు. ప్రతి పాఠం చివర పది నిమిషాలు చాలు. "ఈ పాఠం మన దగ్గర ఎక్కడ ఉంది?" అని ఒక్క ప్రశ్న అడగవలెను. లెక్కల్లో రేషను బియ్యం, ఎకరాలు, సెంట్లు. సైన్సులో గ్యాస్, బోరు నీళ్లు, మలేరియా. తెలుగులో నిజం అర్జీలు.

3. గొడవ ఉన్న విషయమైతే బోర్డు మధ్యలో గీత గీసి రెండు వైపులా రాయవలెను. 

4. ఆ కష్టం పడిన పిల్లను లేపి నిలబెట్టరాదు. ముందు ఒంటరిగా అడగవలెను. ఆమె చెబుతానంటే చెప్పనివ్వాలి, చెప్పనంటే వదిలెయ్యాలి. నవ్వినవాళ్లను మాత్రం వదలరాదు.

5. చదువు లేనివారిని కూడా క్లాసుకు పిలవవలెను. మన వంటశాల పెద్దమ్మను పిలిచినట్టు. తల్లిదండ్రుల మీటింగుకు మన అమ్మలు వచ్చి సంతకం దగ్గర వేలిముద్ర వేసి, మూల కూర్చుని వెళ్లిపోతారు. వాళ్లకు పాములు తెలుసు, ఆకులు తెలుసు, గోదావరి ఎప్పుడు ఎంత వచ్చిందో తెలుసు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటిందని పేపర్లు రాశాయి. 1986లో 75 అడుగులు దాటింది. అప్పుడు నీళ్లు మా ఊళ్లో ఏ చెట్టు దాకా వచ్చాయో మా అవ్వ చెబుతుంది. అది ఏ పుస్తకంలోనూ లేదు.

చిన్నప్పుడు కొత్త పుస్తకాలిచ్చిన రోజు మా అమ్మ నా సోషల్ పుస్తకం తిరగేసి బొమ్మలు చూసి, ఇందులో మన ఊరుందా అని అడిగింది. లేదమ్మా, ఇది పుస్తకం అన్నాను. పుస్తకమైతే మన ఊరు ఎందుకుండకూడదో అమ్మకు అర్థం కాలేదు. అప్పుడు నేను అమ్మకు తెలియదులే అనుకున్నాను. ఇప్పుడు మా ఊరు బయట కూడా లేదు. ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. నేను మళ్లీ ఆ పాఠం వచ్చినప్పుడు, ఎవరూ లేపకుండానే లేచి చెప్పాలనుకుంటున్నాను.

ఈ కాగితం కింద ఒక తెల్లకాగితం అతికించి, దారంతో పెన్సిలు కట్టాను. నేను రాసినదానితో ఒప్పుకోనివారు కూడా అందులో రాయండి. మీ ఊరి సంగతి ఏది, ఏ పాఠంలో రావాలో రాయండి. పేరు రాయకపోయినా పరవాలేదు. పెన్సిలు మాత్రం పట్టుకుపోవద్దు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి,
మలికిపురం.